కూతలపాలెం పెడమొగమ్మ

పూర్వం కళింగదేశంలో, పడమటి కొండల్లో పుట్టిన ఒక సన్నని ఏరు దారిపొడుగునా మడులకూ దొరువులకూ తన నీళ్లు పంచిపెట్టి, చివరికి చేతిలో ఏమీ మిగలనిదానిలా నీరసంగా వచ్చి తూర్పు సముద్రంలో కలిసేచోట, మొగలిపొదలు దట్టంగా అల్లుకున్న ఒక ఇసుకదిబ్బ ఉండేది. ఆ దిబ్బ చాటున కొన్ని జాలరి కుటుంబాలు తాటాకు ఇళ్లు వేసుకుని, దుంగలు కట్టిన తెప్పల మీద వేట సాగించి, గంగమ్మతల్లి ఇచ్చినదానితో కాలక్షేపం చేస్తూండేవి. ఆ రోజుల్లో ఆ పల్లెకు మొగలిదిబ్బ అని పేరు. ప్రభువుల దృష్టి పడేటంత సంపద గాని, మునులు తపస్సుకు కోరుకునేటంత ప్రశాంతత గాని అక్కడ లేవు. కనుక తక్కిన క్షేత్రాల మహాత్మ్యాలలో కనిపించే రాజు కోసమూ, ఋషి కోసమూ ఈ కథలో ఎదురుచూడవద్దు. ఇందులో వచ్చేది ఒక జాలరి ఇల్లాలూ, ఆమె చేసిన ఒక తప్పూ.

ఆ తీరానికి ఒక పెద్ద కష్టం ఉండేది. మార్గశిర, పుష్య మాసాలలో తెల్లవారుజాము నుంచి సముద్రం మీద మంచు కమ్మేదంటే, తెప్పకు ముందు కూర్చున్నవాడికి వెనక తెడ్డు వేసేవాడు కనిపించేవాడు కాదు. తెప్ప ఒడ్డెక్కడానికి ఏటి మొగ దగ్గర ఉన్న సన్నని సందు తప్ప వేరే దారి లేదు. దానికి అటు తప్పినా ఇటు తప్పినా అలలు తెప్పను విరగదన్నేవి. అందువల్ల మంచు రోజుల్లో ఆ పల్లె ఆడవాళ్లు అందరూ నీటి అంచున నిలబడి కూతలు పెట్టేవారు. ఇంటికొక కూత. అందులో మాట ఉండదు, పేరు ఉండదు. గొంతు ఎక్కడ లేపాలో, ఎక్కడ విరవాలో, ఎంత సాగదీయాలో, అదే దాని ఆనవాలు. సముద్రం మీద ఉన్న మగవాడు తన ఇంటి కూత విని, తెడ్డుతో తెప్పదుంగ మీద తట్టి బదులు చెప్పి, ఆ గొంతును పట్టుకుని ఒడ్డుకు చేరేవాడు.

కొత్తకోడలు కాపురానికి వచ్చినప్పుడు, పొయ్యి ముట్టించడం కంటే ముందుగా అత్త ఆమెను నీటి అంచుకు తీసుకుపోయి ఆ ఇంటి కూత నేర్పేది. పులుసు మాడ్చినా నవ్వి ఊరుకునే అత్తలు సైతం కూత ఒక్క విరుపు తప్పితే ఊరుకునేవారు కారు. ఉయ్యాలలో పిల్లవాడు తల్లి పేరు తెలియకముందే ఇంటి కూత గుర్తుపట్టేవాడని ఇప్పటికీ అక్కడివాళ్లు చెప్పుకుంటారు, కొంచెం గొప్పగానే చెప్పుకుంటారు.

ఈ ఆచారానికి తోడుగా మరొక కఠినమైన నియమం ఉండేది. వేటకు పోయినవాడు తిరిగిరాక, దేహం కూడా దొరకకపోతే, వాడి ఇంటి కూత వాడితోనే పోవాలి. ప్రాణం పోయినా చెవి పోదని వాళ్ల విశ్వాసం. దినాలు తీరిన తరువాత ఆ ఇంటి ఆడవాళ్లు సముద్రానికి వీపుపెట్టి నిలబడి, చివరిసారిగా ఆ కూత కూసి, అటుపైన దానిని నోట పలకకూడదు. ఇల్లాలు తన పుట్టింటి కూతను తెచ్చుకుని కొత్తగా సాధన చేయాలి. వీపు ఎందుకు పెట్టాలంటే, మొహం చూపిస్తే పోయినవాడికి పోవాలనిపించదట.

ఇసుకదిబ్బ కొసన, అలలకు కొంచెం ఎగువగా, ఆ జాలరులు కొలిచే గంగమ్మ ఒక తాటాకు పాకలో వెలసి ఉండేది. విగ్రహమంటే చెక్కిన విగ్రహం కాదు. నిలువెత్తు నల్లరాయికి పసుపు పూసి, గవ్వలతో కళ్లు పెట్టారు, అంతే. ఆ తల్లి ఊరివైపు మొహమూ, సముద్రంవైపు వీపూ పెట్టి నిలబడి ఉండేది. సముద్రం మీదినుంచి వచ్చేవాళ్లకు పాక వెనకతడిక మాత్రమే కనిపించేది. బతికున్నవాళ్లను కనిపెట్టుకుని ఉండడమే ఆమె పని అని ఊరంతా నమ్మేవారు.

ఆ పల్లెలో దానయ్య అనే జాలరి, అతని భార్య అసిరమ్మ, తల్లి గున్నమ్మ, కొడుకు కామయ్య ఒక ఇంట్లో ఉండేవారు. కామయ్యకు అప్పటికే మీసాలు వచ్చి, సొంత తెప్ప మీద వేటకు పోతున్నాడు. దానయ్య వేటలో నేర్పరి, మాటల్లో చిలిపివాడు. అసిరమ్మ ఒడ్డునుంచి కూత పెడితే, తక్కినవాళ్లలాగా గబగబా మూడు తట్లు తట్టి ఊరుకునేవాడు కాదు. వెంటవెంటనే రెండు తట్టి, మూడోది బిగబట్టేవాడు. ఒడ్డున ఆమెకు ఊపిరి ఆగిపోయేది. ఏమైందో, అల తన్నిందో, తెడ్డు జారిందో అని ఆమె మనసు పరిపరివిధాల పోతూండగా, అప్పుడు తీరుబడిగా మూడోది తట్టేవాడు. 'నీ తెడ్డు ఇరిగిపోనూ' అని తిట్టుకుంటూ ఆమె నవ్వుకునేది. పక్కనున్న ఆడవాళ్లు కొంగులు అడ్డం పెట్టుకుని వాళ్లూ నవ్వేవారు. అలా చాలా ఏళ్లు గడిచాయి.

ఒక కార్తిక మాసంలో గాలివాన వచ్చి వెళ్లాక, దానయ్య తెప్ప దుంగలు విడివిడిగా ఒడ్డుకు కొట్టుకువచ్చాయి, దానయ్య రాలేదు. దినాలు తీరిన తరువాత గున్నమ్మ కోడలి చెయ్యి పట్టుకుని సముద్రం ఒడ్డుకు తీసుకుపోయింది. ఇద్దరూ వీపుపెట్టి నిలబడ్డారు. కన్నకొడుకు కూత ఆఖరుసారి కూసేటప్పుడు ముసలామె గొంతు వణకలేదు, ఎక్కడా విరుపు తప్పలేదు. అసిరమ్మ కూడా కూసింది. కూసింది గాని వదులుకోలేదు. ఆ సంగతి ఆమెకు తప్ప ఎవరికీ తెలియదు.

పుష్యమాసం వచ్చి మంచు పట్టడం మొదలుపెట్టాక, అసిరమ్మ అందరితోపాటు నిలబడి పుట్టింటి కూత పెట్టి కొడుకును ఒడ్డుకు చేర్చుకునేది. అంతకుముందే, ఊరు లేవకమునుపే, మొగలిపొదల అవతల ఎవరూ తిరగని చోటుకు పోయి, సముద్రం వైపు తిరిగి, గొంతు తగ్గించి పాత కూత కూసేది. ఏదో ఆశించి కాదు. ఆ కూత నోట్లో ఉన్నంతసేపూ అతను వేటకు పోయినట్టే ఉండేది, అంతకంటే మరేమీ లేదు. మొగుణ్ణి పోగొట్టుకున్న మనిషి అంతమాత్రం ఊరట వెతుక్కుంటే తప్పుపట్టడానికి నాకు నోరు రాదు. అయినా అది తప్పే.

కొన్నాళ్లపాటు అలల చప్పుడు తప్ప మరేమీ వినిపించలేదు. ఒకనాడు ఆమె కూత ముగించి వెనుదిరగబోతూండగా మంచులోంచి దుంగ మీద తెడ్డు తట్టిన చప్పుడు వచ్చింది. వెంటవెంటనే రెండు. ఏ ఇంటివాడో తొందరపడి బయలుదేరి ఉంటాడని తనకు తాను చెప్పుకుంటూండగా, తీరుబడిగా, ఎప్పటిలాగే, మూడోది వచ్చింది.

మరునాడు మంచులో తెప్ప ఆకారం కనిపించింది. దాని మీద దానయ్య నిలబడి ఉన్నాడు. గాలివాననాడు కట్టుకున్న గోచీ, తలకు చుట్టుకున్న గుడ్డ అవే. ఒంటినుంచి నీళ్లు కారుతున్నాయి. ఎంతసేపు చూసినా ఆ కారడం ఆగలేదు. అతను మాట్లాడలేదు. ఆమె కళ్లలోకి చూడకుండా ఆమె నోటి వంకే చూస్తూ ఉండిపోయాడు, ఆ కూత ఎక్కడినుంచి వస్తున్నదో కనిపెట్టాలనుకునేవాడిలాగా. అసిరమ్మకు భయం వేయలేదు. సంతోషమే కలిగింది. ఆనాటినుంచి ప్రతి మంచురోజూ పిడతలో గంజీ, ఎండుచేప ముక్కా తెచ్చి అల వచ్చి తాకేచోట పెట్టేది. అల వచ్చి పిడతను తీసుకుపోయేది. అతను వచ్చిన ప్రతిసారీ ఒక అల ఇవతలికి జరిగేవాడు.

ఇంట్లో గున్నమ్మ ఇదంతా ఎరగకపోయినా, ఆమె కళ్లు చురుకైనవి.

"ఒలే అసిరీ, తల దువ్వుకుంతన్నావు. ఎవులి కోసమే?" అని ఒకనాడు అడిగింది.

"సిక్కులు కట్టీసింది అత్తా, తీసుకుంతన్నాను" అని అసిరమ్మ మొహం తిప్పేసుకుంది.

ఇంతలో ఊళ్లో ఎవరూ పైకి చెప్పుకోని వింతలు మొదలయ్యాయి. మంచులో ఆడవాళ్లు కూత పెడితే, సముద్రం మీద ఉన్న తెప్పలు ఎన్నో వాటికి మించి తట్లు వినిపించసాగాయి. కొన్ని తట్లు ఎవరి ఇంటివీ కావు. మరికొన్ని, ఏనాడో పోయినవాళ్లవని ముసలివాళ్లు గుర్తుపట్టి, గుర్తుపట్టినట్టు కనిపించకుండా కొంగులు సర్దుకునేవారు. పొద్దెక్కి మంచు విడిపోయాక చూస్తే, తడి ఇసుక మీద నీళ్లలోంచి పైకి వచ్చిన అడుగులు ఉండేవి. కొంతదూరం వచ్చి అవి ఆగిపోయేవి, తిరిగి వెళ్లిన జాడ ఉండేది కాదు. కుక్కలు ఒడ్డుకు రావడం మానేశాయి. ఒక జాలరి ముందుపోతున్న తెడ్డు చప్పుడును పొరుగువాడిదనుకుని వెంబడించి, వెంబడించి, మంచు విడిపోయేసరికి ఒడ్డు ఆనవాలు కనిపించని నడిసముద్రంలో ఒంటరిగా తేలాడు. ఒక కూతకు కదిలిన దానయ్య వెనక, ఏ కూతా లేనివాళ్లందరూ కదిలి వస్తున్నారని ఊరికి తెలియదు. అసిరమ్మకు తెలుసు. దానయ్య తెప్ప వెనక మంచులో ఇంకా నల్లని ఆకారాలు నిలబడి ఉండడం ఆమె చూసింది. చూసి, తన మనిషి మీదనే చూపు నిలుపుకుంది.

పుష్య అమావాస్యనాడు పట్టిన మంచు పొద్దు నడినెత్తికి వచ్చినా విడవలేదు. పగలే అయినా ఒకరి మొహం ఒకరికి బూడిదరంగులో కనిపించింది. ఆడవాళ్లు గొంతులు బొంగురుపోయేదాకా కూతలు పెట్టారు. ఒక్కొక్క తెప్పా ఒడ్డెక్కింది. కామయ్య తెప్ప మాత్రం రాలేదు. అసిరమ్మ పుట్టింటి కూత ఎన్నిసార్లు పెట్టినా బదులు తట్టు లేదు. అప్పుడు దూరంగా, చాలా దూరంగా, దానయ్య తట్టు వినిపించింది. రెండు, కొంచెం ఆగి ఒకటి. దాని వెన్నంటే మరో తెడ్డు చప్పుడు వచ్చింది. అది కొడుకుది. ఆ రెండు చప్పుళ్లూ కలిసి ఒడ్డుకు దూరంగా జరుగుతున్నాయి.

అసిరమ్మ గున్నమ్మ కాళ్ల దగ్గర ఇసుకలో కూలబడింది.

"అత్తా, నాను పాపిష్టిదాన్ని. ఆ కూత మానలేదు. మావొస్తన్నాడు. మంచట్టినప్పుడల్లా వొస్తన్నాడు."

ముసలామె కొట్టలేదు, తిట్టలేదు. ఒక్క మాటే అడిగింది:

"ఎలాగున్నాడే?"

"తడిసిపోయున్నాడత్తా" అంది అసిరమ్మ.

గున్నమ్మ కొంగుతో మొహమంతా ఒక్కసారి తుడుచుకుంది. తుడుచుకున్నాక ఆమె మళ్లీ ఎప్పటి గున్నమ్మ అయింది.

"అయితే గుంటడు ఆళ్ల అయ్యెనకే తిరుగుతన్నాడు. ఆ తట్టు ఇన్నంతసేపూ ఆడికింకో కూత సెవికెక్కదు. నీ కన్నోరింటి కూత ఏటి పన్జేత్తాది? పాత కూతే కుయ్యాల, అయ్యా కొడుకూ ఇద్దరూ దానికే వొస్తారు. కానీ ఈపెట్టి కుయ్యాల. ఏటి ఇనబడినా తిరక్కూడదు. పోయినోడు పొడి ఇసక మీద అడుగెట్టినాడంటే, బతికున్నోడొకడు ఆడికి బదులు నీట్లోకెల్లాల. నువ్వు తిరిగి సూసినావంటే ఆడు ఒడ్డెక్కకుండా ఉండలేడు. ఇనబడిందా?"

వినబడిందన్నట్టు అసిరమ్మ తల ఊపింది. గున్నమ్మ తక్కిన ఆడవాళ్లను, మగవాళ్లను ఊరివైపు మొహాలు తిప్పి నిలబడమంది. వెనక్కి చూసినవాళ్ల కళ్లు గోళ్లతో పెరికేస్తానంది; ఆమె అన్నంత పనీ చేసే మనిషేనని అందరికీ తెలుసు. అత్తా కోడలూ గంగమ్మ పాక వెనక, పొడి ఇసుక మొదలయ్యే చోట, సముద్రానికి వీపుపెట్టి, చేతులు పట్టుకుని నిలబడ్డారు. వాళ్ల ఎదురుగా తాటాకు తడిక ఉంది. అసిరమ్మ గొంతు ఎత్తి, ఇన్నాళ్లూ దొంగతనంగా కూసిన ఆ కూతను ఊరంతా వినేటట్టు కూసింది.

తట్లు ఆగిపోయాయి. కొంతసేపటికి మళ్లీ వినిపించాయి, ఈసారి దగ్గరగా. ఆమె మళ్లీ కూసింది. ఇంకా దగ్గరయ్యాయి. కూస్తున్నకొద్దీ ఆ ఒక్క తట్టు వెనక ఎన్నెన్నో తట్లు, పొడి దుంగల మీదివి, నానిన దుంగల మీదివి, పుచ్చిన దుంగల మీదివి, అన్నీ కలిసి ఒడ్డు పొడవునా మోగాయి. ఆ తరువాత తెప్ప ఇసుకను రాసుకున్న చప్పుడు వచ్చింది. తడి ఇసుక మీద అడుగులు. రెండు జతల అడుగులు, పక్కపక్కనే. వాటి వెనక చాలా అడుగులు వచ్చి, నీళ్లలోనే ఆగాయి. గాలి లేకపోయినా అసిరమ్మ మెడ మీద చల్లదనం పాకింది. టపటపమని నీళ్లు ఇసుక మీద కారుతున్న చప్పుడు సరిగ్గా ఆమె వీపు వెనక వినిపించింది.

"ఓలమ్మా, నానొచ్చీసినాను" అన్నాడు కామయ్య. గొంతు వాడిదే, కానీ నిద్రలో మాట్లాడేవాడి గొంతులా ఉంది. "అయ్య కూడా వొచ్చినాడే. నా సెయ్యట్టుకోని తీసుకొచ్చినాడు. ఒక్కపాలి ఇటు తిరిగే."

అసిరమ్మ తిరగలేదు.

"మామ్మా, నువ్వైనా సూడవే. నీ కోసం నిలబడున్నాడు."

అప్పుడు గున్నమ్మ తన చేతిని అసిరమ్మ చేతిలోనుంచి లాక్కోబోయింది. ఇంత శాసనం చేసిన మనిషి, ఊరందరి కళ్లూ పెరుకుతానన్న మనిషి, కన్న కొడుకు వెనక నిలబడ్డాడనగానే నిలవలేకపోయింది. ఆమె మెడ మెల్లగా పక్కకు తిరగసాగింది. అసిరమ్మ అది చూసి, చటుక్కున తన అరచెయ్యి ముసలామె కళ్ల మీద అదిమిపెట్టి, ఆమె తలను తన రొమ్ముకు లాక్కుంది. ముసలామె పెనుగులాడింది, గోళ్లతో రక్కింది. అసిరమ్మ వదల్లేదు. అలా పట్టుకునే, తడికను చూస్తూ, వెనకనున్న మొగుడితో మాట్లాడింది.

"మావా, నాను సూడనొల్లను. సూడాలని పేణం కొట్టుకుపోతంది. అయినా సూడనొల్లను. నానే నిన్ను పిలిసి పిలిసి తిప్పలెట్టినాను. గుంటడి సెయ్యొగ్గీ. ఎల్లిపో మావా."

వెనక నీళ్లు కారుతున్న చప్పుడు ఆగలేదు. ఒక అడుగు ముందుకు పడింది. పొడి ఇసుక మీద పడే అడుగు చప్పుడు వేరుగా ఉంటుందని తీరంలో పుట్టినవాళ్లకు చెప్పనక్కరలేదు. అది ఆ అంచు మీద పడిన అడుగు. ఇక మరొక్క అడుగు పడితే కొడుకు దక్కడని తెలిసి కూడా, ఎవరో ఒకరు తన వంక చూడనిదే పోలేనివాడికి, తాను చూడకుండా ఏ చూపు ఇవ్వాలో తెలియక, ఆ తల్లి కళ్లు మూసుకుంది.

అప్పుడు పాకలో నుంచి తిరగలి తిరిగినట్టు బరువైన చప్పుడు వచ్చింది. నేల అదిరింది. ఎదురుగా ఉన్న తాటాకు తడిక నిలువునా చీలి రెండువైపులా పడిపోయింది. అసిరమ్మ కళ్లు తెరిచేసరికి, తరతరాలుగా ఊరివైపు చూస్తున్న గంగమ్మ రాయి సముద్రంవైపు తిరిగి, ఆమెకు ముఖాముఖి నిలబడి ఉంది. మెత్తిన పసుపు మీదుగా నీళ్లు కారుతున్నాయి. ఆ గవ్వల కళ్లు అసిరమ్మను చూడలేదు. ఆమె భుజం మీదుగా, వెనక నిలబడినవాణ్ణి, వాడి వెనక నీళ్లలో నిలబడినవాళ్లందరినీ, ఒక్కొక్కరినీ చూస్తున్నాయి.

చాలాసేపు అలా జరిగింది. ఆ తరువాత అసిరమ్మ వెనక ఇసుకలో ఒక మనిషి కూలబడిన చప్పుడూ, దగ్గూ, వాంతీ వినిపించాయి. బతికున్నవాడి దగ్గు అది. నీళ్లలో అడుగులు కదిలాయి, తెప్పలు ఇసుకను విడిచాయి, తట్లు ఒక్కొక్కటే దూరమై అణగిపోయాయి. అన్నిటికంటే చివర, మొగ దాటిన చోటునుంచి దానయ్య తట్టు వినిపించింది. వెంటవెంటనే రెండు. అసిరమ్మ మూడోదాని కోసం నిలబడింది. మంచు విడిపోయి ఎండ వచ్చేదాకా నిలబడింది. మూడోది రాలేదు.

కామయ్య బతికాడు. దానయ్య కొడుకును ఒడ్డుకు చేర్చడానికే చెయ్యి పట్టుకున్నాడో, వెంట తీసుకుపోవడానికే పట్టుకున్నాడో ఆ పల్లెలో నేటికీ ఎవరూ తేల్చి చెప్పరు. నేను అడిగితే ఒకామె నన్ను విసుక్కుంది కూడాను. ఆ చెయ్యి పట్టుకున్న మణికట్టు మేర మాత్రం కామయ్య చర్మం బతికినంతకాలమూ నీళ్లలో నానినదానిలా తెల్లగా, ముడతలుపడి ఉండిపోయింది.

ఆ తరువాత ఊరిపెద్దలు తల్లిని మళ్లీ ఊరివైపు తిప్పాలని పెద్దవల లాగే తాళ్లు వెనకనుంచి వేసి, అందరూ రెండు వరసలుగా నిలబడి లాగారు. తాళ్లు తెగాయి గాని రాయి కదల్లేదు. మొదలు చూద్దామని వెనకవైపు తవ్వితే, ఊట నీరు వచ్చి గొయ్యి పూడుకుపోయింది గాని మొదలు దొరకలేదు. తల్లి మనకు మొహం చాటేసిందని జనం గుండెలు బాదుకుంటూంటే, గున్నమ్మ అందరినీ గదమాయించింది.

"బతికున్నోలం ఒకల్నొకలం సూసుకోలేమేటి? ఆలకెవులున్నారు? తల్లిని ఆలనే సూసుకోనియ్యండి."

అంతటితో తాళ్లు చుట్టేశారు. తాటాకు పాక పోయి, కాలక్రమాన రాతిగుడి వచ్చింది. దాని వాకిలి సముద్రంవైపు ఉంటుంది, ఊరివైపు గోడ ఉంటుంది. ఆనాటినుంచి ఆ తల్లికి పెడమొగమ్మ అనీ, పల్లెకు కూతలపాలెం అనీ పేర్లు స్థిరపడ్డాయి. బతికున్నవారెవరూ గుడి ముందుకు పోరు. వెనకగోడకు ఉన్న గూట్లోనే పసుపు, కుంకుమ, పూలు, వేటలో దొరికిన మొదటి చేప పెట్టి దండం పెడతారు. సముద్రంవైపు తిప్పిన తల్లి మొహాన్ని చూసిన మనిషి అసిరమ్మ ఒక్కర్తే. ఆ మొహం ఎలా ఉందని అడిగినవాళ్లకు ఆమె, "నన్ను సూడలేదు" అని మాత్రం చెప్పేది.

అసిరమ్మ మళ్లీ ఎన్నడూ ఆ కూత కూయలేదు. ఏ కూతా కూయలేదు. ఆమె ఇంటిని కూత లేని ఇల్లని పిలిచేవారు. మంచురోజుల్లో కామయ్యకు ఊళ్లోని ఆడవాళ్లందరూ వంతులు వేసుకుని కూత పెట్టి ఒడ్డుకు చేర్చేవారు. ఆమె మాత్రం పాక దగ్గర సముద్రానికి వీపుపెట్టి నిలబడి చెవి ఒగ్గి వినేది. గున్నమ్మ పోయింది, కామయ్యకు పిల్లలు పుట్టారు, ఆమె జుట్టు ముగ్గుబుట్ట అయింది. మూడోది ఆమెకు వినిపించలేదు.

చివరిరోజున ఆమె కొడుకును పిలిచి, తనను గుడి ముందు, వాకిలికి ఎదురుగా, మొహం సముద్రంవైపు తిప్పి పాతిపెట్టమంది. అక్కడికి బతికున్నవాళ్లు పోకూడదు కదే అని కామయ్య ఏడిస్తే, "నానప్పటికి బతికుండను గదరా అయ్యా. ఇప్పుడు సూత్తాను" అంది.

కామయ్య, మరికొందరు జాలరులు ఆమెను భుజాల మీద ఎత్తుకుని, సముద్రానికి వీపులు పెట్టి, తల్లి మొహం కంటపడకుండా కళ్లు మూసుకుని, వెనక్కి వెనక్కి నడుచుకుంటూ గుడి ముందుకు తీసుకుపోయారు. ఆ గొయ్యి కూడా చూడకుండానే, వీపులు తిప్పకుండానే తవ్వారు. ఆమె మొహాన్ని సముద్రంవైపు తిప్పి ఇసుక కప్పారు. ఆఖరు దోసెడు ఇసుక పడుతూండగా మొగ అవతలినుంచి దుంగ మీద తెడ్డు తట్టిన చప్పుడు ఒక్కటే వచ్చింది. కామయ్య అక్కడే, వెనక్కి తిరగకుండా, చిన్నపిల్లవాడిలా వెక్కి వెక్కి ఏడ్చాడట.

ఇప్పటి కూతలపాలెంలో తాటాకు ఇళ్లు బహుకొద్ది. కొబ్బరిచెట్ల మధ్య శ్లాబు ఇళ్లు లేచాయి, తెప్పల స్థానంలో ఇంజన్లు పెట్టిన ఫైబర్ బోట్లు వచ్చాయి, సెల్‌ఫోన్లే మంచులో దారి చూపిస్తున్నాయి. మొగలిపొదలు మటుకు అలాగే ఉన్నాయి. గుడి వాకిలి ముందు జానెడు మేర ఇసుక, రోహిణీకార్తె ఎండల్లో పక్కనున్న ఇసుక కాళ్లు కాలుస్తున్నప్పుడు కూడా, తడిగా ఉంటుందని పక్కగోడ వారనుంచి చెయ్యి చాచి చూసినవాళ్లు చెబుతారు. ఊటనీరు అని కొందరంటారు. అనుకోనిద్దాం.

ఏటా పుష్య అమావాస్యనాడు, మంచు పట్టినా పట్టకపోయినా, పెడమొగమ్మ తల్లికి కూతల పండగ జరుగుతుంది. ఆనాడు ఒక్క బోటు కూడా నీళ్లలోకి దిగదు. ఊరి ఆడవాళ్లందరూ గుడి వెనక బారులుతీరి, సముద్రానికి వీపుపెట్టి నిలబడతారు. పెద్ద ఇంటినుంచి మొదలుపెట్టి ఒక్కొక్క ఇంటివాళ్లూ తమ కూత కూస్తారు. అసిరమ్మ ఇంటి వంతు వచ్చేసరికి ఎవరూ కూయరు. ఆ కూత ఇప్పుడు ఎవరికీ రాదు. ఒక కూతకు పట్టేటంత సమయం ఊరంతా మౌనంగా ఉంటుంది, చంకలో పిల్లలు సైతం గుక్కపట్టరు. ఆ మౌనంలో, బోట్లన్నీ ఒడ్డునే ఉండగా, మొగ అవతలినుంచి దుంగ మీద తెడ్డు తట్టిన చప్పుడు వెంటవెంటనే రెండుసార్లు వినిపిస్తుంది. ఎవరూ వెనక్కి తిరగరు. ఊపిరి బిగబట్టి నిలబడతారు. కొంచెం ఆగి, తీరుబడిగా, మూడోది వస్తుంది. అప్పుడు ఆడవాళ్లు నవ్వుకుంటూ కళ్లు తుడుచుకుని, బుట్టలు చంకన పెట్టుకుని ఇళ్లకు పోతారు.